పటకారుకు అలంకారమేల?

శ్రీమహావిష్ణువు అలంకారప్రియుడని పెద్దల వాడుక. కిరీటము, మకరకుండలములు, కౌస్తుభము, వైజయంతీమాల మొదలైన వానితో స్వామి దర్శనమిచ్చునప్పుడు మనకు అలంకారమును గూర్చి ఏ సందేహమును కలుగదు. ఆ సొగసు స్వామికి తగినది. సమర్పించిన చేతులు ధన్యములు. కాని అలంకారము సన్నిధి గడప దాటి మన పనికి, మన పనిముట్టుకు వచ్చినప్పుడు దానిని ఏమనవలెను? ఎవరును చూడని చోట, మసి పట్టి, నిప్పుల మధ్య బ్రతుకు వెళ్ళదీయు వస్తువునకు సొగసు దిద్దువాని మనస్సులో ఉన్నది భక్తియా, దర్పమా? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనము వలన కలిగినది కాదు. మా ఇంటి గోడకు మేకున వ్రేలాడుచున్న ఒక పాత పటకారు వలన కలిగినది.

అది వంటింటి పటకారు కాదు. కమ్మరి కొలిమిలో వాడునది, మూరెడు పొడవున్నది. దాని రెండు కాడలలో ఒకటి త్రాటి పురివలె అందముగా మెలికలు తిరిగియున్నది. రెండవది నున్నగా, ఏ సొగసును లేక ఉన్నది. ఇంటికి వచ్చినవారు దానిని చూచి, "రెండవ వైపు మెలిక వేయుట మరచినారా?" అని అడుగుదురు. ఇన్నేండ్లుగా ఏదో ఒక మాట చెప్పి తప్పించుకొన్నాను. వయస్సు మీదపడినది, ఇక దాచుటలో అర్థము లేదు.

మేము ఉండునది హైదరాబాదు తార్నాకలో. 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా కావలి ఉన్న దారి. నిజాముల కాలమున ఇచ్చటి తోటలకు తీగకంచె వేసి కావలి ఉంచినందున ఈ పేరు వచ్చినదని ఇక్కడివారు చెప్పుకొందురు. అదే నిజమైనచో మా పేట పేరులోనే ఇనుము ఉన్నదనవలెను. పేటను ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము ఉన్నది. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమునకు ఇంజనీరింగు కళాశాల 1929లో వచ్చినది. 1947లో ఇప్పటి భవనమునకు మారినది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనమును గూర్చి చెప్పనక్కరలేదు. గులాబిరంగు గ్రానైటు రాతితో కట్టిన ఆ సౌధమును ప్రాతఃకాలపు వెలుగులో ఒకసారి చూచినవారు మరువరు. నేను దాని మెట్లపై కూర్చున్నప్పుడెల్ల రాతిని గాక ఇనుమును తలచుకొందును. గ్రానైటును చెక్కు ఉలి మొన త్వరలోనే మొద్దువారును. దానిని మరల కాల్చి, సాగగొట్టి, నీట ముంచి పదును పెట్టవలెను. కావున రాతిపని జరుగు చోట కొలిమి ఉండక తప్పదు. శిల్పిని మెచ్చుకొను మనము ఆ ప్రక్కనే మసితో కూర్చున్న కమ్మరిని మెచ్చుకొన్నది తక్కువ.

ఇది 1978 నాటి మాట. నేను ఇంజనీరింగు విద్యార్థిని. మొదటి ఏటి వర్కుషాపు పాఠములలో కొలిమిపని యొకటి. గుండ్రని కమ్మీని చదరము చేయుట, కొక్కెము వంచుట వంటి చిన్న పనులు నేర్పెడివారు. తోటివారు ఆ గంట ఎప్పుడు ముగియునా అని చూచెడివారు. నాకు మాత్రము ఆ పనిపై ఏదో మోజు పట్టినది. ఆ రోజులలో తార్నాక దాటిన పిమ్మట ఒక వేపచెట్టు క్రింద రేకుల నీడలో వృద్ధుడైన కమ్మరి ఒకడు కొలిమి నడుపుచుండెను. అందరును ఆయనను 'ఆచారి' అని పిలిచెడివారు. మన సంప్రదాయమున ఆచార్య శబ్దమునకు ఉన్న గౌరవము మీకు తెలియనిది కాదు. ఆ రెండు మాటలు ఒకే వేరునుండి పుట్టినవని నాకు అప్పుడు తట్టలేదు. సాయంకాలములందు వెళ్ళి ఆయన కడ కూర్చుండెడివాడను. ఆయన మనుమడు, పండ్రెండేండ్ల బాలుడు, కొలిమికి గాలి ఊది, అవసరమైనప్పుడు సమ్మెట ఎత్తెడివాడు.

కమ్మరి పనిముట్లలో దాగలి, సుత్తి, సమ్మెట అన్నియు కొట్టుటకు ఉన్నవే. పటకారు ఒక్కటియే పట్టుటకు ఉన్నది. నిప్పును ముట్టలేని చేతికి అది రెండవ చేయి. దాని నిర్మాణము చూచుటకు తేలిక. అర అంగుళపు చదరపు కమ్మీని నారింజ రంగు వచ్చువరకు కాల్చి, దాగలి అంచున కొట్టి కొనను పలుచ చేసినచో అది నోరగును. కమ్మీని పావు చుట్టు త్రిప్పి మరల అంచున కొట్టినచో కీలు కుదురు చోటు ఏర్పడును. మిగిలిన పొడవును సాగగొట్టినచో కాడ అగును. ఇట్టి ముక్కలు రెండు చేసి, కీలు వద్ద వేడిమీదనే రంధ్రము పొడిచి, కాలిన రివిట్టును దిగగొట్టి, అది ఎర్రగా ఉండగానే కాడలను తెరచి మూయుచు కదలిక సరిచేయవలెను.

ఇందులో క్రొత్తవారు తప్పక చేయు పొరపాటొకటి కలదు. కుడి ఎడమ చేతులవలె రెండు ముక్కలును ఎదురెదురు రూపములలో ఉండవలెనని తలచి అట్లు చేయుదురు. అవి ఎన్నటికిని ఒకదానికొకటి కుదరవు. రెండును అచ్చముగా ఒకే రూపమున ఉండవలెను. ఒకదానిని బోర్లించి రెండవదానిపై పెట్టినప్పుడే పటకారు అగును. నేనును మొదట ఆ పొరపాటు చేసినాను. ఆచారి ఏమియు అనలేదు. కుదరని రెండు ముక్కలను నా చేతిలో పెట్టి, "గట్లనే పట్టి సూడుండ్రి అయ్యగారూ, మీకే ఎరుకైతది" అన్నాడు.

మెలిక సంగతి వేరు. చదరపు కమ్మీని సమముగా కాల్చి, ఒక కొనను వైసులో బిగించి, రెండవ కొనకు పానా తగిలించి ఆగకుండ త్రిప్పినచో నాలుగు అంచులును పురివలె చుట్టుకొనును. కుడికి తిరిగిన పురి బోర్లించినను కుడిపురియే. కావున రెండు కాడలును అద్దములో నీడవలె కనిపించవలెనన్నచో ఒకదానిని కుడికి, ఒకదానిని ఎడమకు త్రిప్పవలెను. రూపమున ఒక్కటిగా ఉండవలసినవే సొగసున ఎదురెదురుగా ఉండవలెనన్న మాట. కాలుటలో ఏమాత్రము తేడా ఉన్నను మెలిక దాచదు. ఎక్కువ కాలిన చోట మెలికలు దగ్గరగా, తక్కువ కాలిన చోట ఎడముగా పడును. పసుపు దాటి తెలుపెక్కి రవ్వలు చిమ్మినచో ఇనుము మాడి పొడిపొడియగును. ఎరుపు చల్లారి నలుపు తిరుగుచుండగా బలవంతముగా త్రిప్పినచో పగులును. అంచులను ముందే కొంచెము మొండిచేయనిచో అరచేతిని కోయును. సరిగా వేసినచో చెమట చేతికి కూడ కాడ జారదు. ఇంత పని ఉన్నది ఆ చిన్న సొగసులో.

నాకు ఆ సొగసు కావలసివచ్చినది. పాత ఇనుప దుకాణమున కొన్న కమ్మీతో ఒక పటకారు చేసి ఆచారికే కానుకగా ఇయ్యవలెనని తలచినాను. అందులో గురుభక్తి ఎంత, 'చూచితివా నా పనితనము' అను గర్వము ఎంత అన్నది నేడును విడదీసి చెప్పలేను. ఆయన మధ్యాహ్నము భోజనమునకు పోయిన వేళ కొలిమిని వాడుకొన్నాను. మొదటి కాడ చక్కగా వచ్చినది. రెండవది త్రిప్పుచుండగా నలుపు తిరిగినది. మరల కాల్చవలసినది; తొందరలో అట్లే త్రిప్పినాను. చల్లారిన పిమ్మట చూచితిని గదా, మెలిక లోయలో వెంట్రుకవంటి గీత ఒకటి కనబడినది. గోటితో తాకినచో తెలియుచున్నది. అది పగులని నాకు తెలిసినది. తెలియలేదని ఒకనాడు అబద్ధమాడితిని గాని, తెలిసినది.

వెచ్చగా ఉన్న ఇనుమునకు నూనె రాచినచో నల్లని నిగనిగ వచ్చును. తుప్పు పట్టకుండుటకు అది మంచి పద్ధతియే. నేను ఆ నూనెను ఆ గీతపై రెండుమార్లు ఎక్కువ రాచినాను. గీత కనబడకపోయినది. ఆచారికి అప్పటికే కంటిలో పొర క్రమ్ముచున్నది. పటకారును చేత పట్టి, మెలికలపై బొటనవ్రేలు నడిపి, "మస్తుగ జేసిన్రు" అన్నాడు. ఆ మాట విని ఆ రాత్రి నేను సంతోషముతో నిద్రపోయితిని. ఈ వాక్యమును వ్రాయుట నాకు కష్టముగానే ఉన్నది.

రెండు వారములు గడచినవి. గొడ్డలి ముద్దను ఆ పటకారుతో పట్టి ఆచారి దాగలిపై ఉంచగా మనుమడు ఎదురుగా నిలిచి సమ్మెట వేయుచుండెనట. కాడ మెలిక వద్ద విరిగినది. ఎర్రని ముద్ద ఎగిరి బాలుని కుడి పాదముపై పడినది. నేను సాయంకాలము వెళ్ళునప్పటికి కొలిమి చల్లారియున్నది. బాలుని ఆసుపత్రికి తీసికొనిపోయినారు. ఆచారి విరిగిన ముక్కలను చూపినాడు. ఇనుము విరిగిన ముఖము అబద్ధమాడదు. అప్పుడే విరిగిన భాగము వెండివలె తళతళలాడును. ముందే పగిలియున్న భాగము నల్లగా ఉండును. నా కాడ విరిగిన ముఖము సగము తెలుపు, సగము నలుపు. ఆ నలుపులో నూనె ఇంకియున్నది.

"గీ పగులు మీకు అగుపడలేదా అయ్యగారూ?" అని అడిగినాడు.

"లేదు" అన్నాను.

ఆయన తల ఊపి ఊరుకొన్నాడు.

ఆ దినములలో తత్త్వశాస్త్రము చదువుచుండిన మిత్రుడొకడు నాకు ఉండెను. ఆర్ట్స్ కళాశాల మెట్లపై కూర్చుండి అతనితో పగులు సంగతి చెప్పక, విరిగిన సంగతి మాత్రము చెప్పితిని. అతడు వెంటనే తీర్పు చెప్పినాడు. పనిముట్టుకు పనియే అందమట. ఆపై చేసినదంతయు అహంకారమట. మెలిక వేయకున్నచో కాడ విరిగియుండదు గదా అని అతని వాదము. వాదము పదునుగానే ఉన్నది. నాకు ఊరటగాను ఉన్నది. తప్పు అలంకారముపైకి పోయినది. నాపై నుండి కొంత దిగినది. కొన్నాళ్ళు నేనును అలంకార విరోధినై, నిరాడంబరమే నీతియని తిరిగితిని. మనస్సు తన దోషమును మోయుటకు ఎంత మంచి సిద్ధాంతమునైనను కూలికి పెట్టుకొనునని అప్పుడు తెలియలేదు.

ఆ యేడు మా తల్లిదండ్రులతో తిరుమల యాత్ర చేసితిని. దైవికముగా మాకు దర్శనమైనది గురువారము. యాత్రికులైన మీకు తెలిసినదే. ఆ దినమున స్వామి ఆభరణములను సడలింతురు. నొసట విశాలముగా ఉండు తిరునామమును సన్నము చేయుదురు. కప్పియున్న నేత్రములు కనబడును. దానినే నేత్రదర్శనమందురు. సాయంకాలము పూలంగి సేవ, మరునాటి శుక్రవారము అభిషేకము. మా అమ్మ ఆ సన్నిధిలో మెల్లగా, "నగలు తీసినా స్వామి స్వామియేరా" అన్నది. ఆమె భక్తితో అన్న మాట అది. నాకు మాత్రము గుండెలో గుచ్చుకొన్నది. వారము వారము సడలింపగల అలంకారము దేనిని కప్పుటకు? ఏదియు కప్పుటకు కాదు. నేను వేసిన నూనె తీసినచో క్రింద ఉన్నది పగులు.

తిరిగివచ్చిన నాడే వేపచెట్టు వద్దకు పోయితిని. బాలుడు పాదమునకు కట్టుతో కూర్చుండియున్నాడు. అతని ముందే చెప్పితిని, ఆ గీత నాకు కనబడినదని, నూనెతో కప్పితినని, అబద్ధమాడితినని. ఆచారి ఆశ్చర్యపడలేదు. "ఆనాడే ఎరుక అయ్యగారూ. పగుల్ల నూనె ఎట్ల బోయింది? నూనె రాయకముందే పగులు ఉన్నది గన్క బోయింది" అన్నాడు. నేను మిత్రుని మాటను అప్పగించి, ఇక మెలికలు మానివేయుదును, పనిముట్టుకు సొగసు దండుగ అన్నాను. ఆయనకు మొదటిసారి కోపము వచ్చినది.

"మెల్కను ఎందుకు తిడుతరు? సాదా కాడ లోపట ఎంత పగులున్నా మనకు జెప్పది. మెల్క తిప్పితేనే ఇనుము నోరు తెరుస్తది. లోపటి సంగతి బయటికొస్తది. అది మీకు జెప్పింది. మీరు దాని నోరు మూసిన్రు."

ఆ మాట నాకు ఇప్పటికిని చెవిలో ఉన్నది. పిమ్మట చదువులో తెలిసినది, అది ఒక వృద్ధుని చమత్కారము మాత్రమే కాదని. ఇనుమును మెలిత్రిప్పి చూచుట కమ్మరులకు పరీక్ష కూడ. పాత కాలపు ఇనుములో చిట్టెము సన్నని పొరలుగా మిగిలియుండును. అతుకు సరిగా కుదరని చోట్లు ఉండును. కాల్చి త్రిప్పినచో అవి విచ్చుకొనును. మెలికను తట్టుకొని నిలిచిన ఇనుము నమ్మదగినది. అనగా, మెలిక అను ఆ సొగసే ఒక సాక్ష్యము. అలంకారమునకు ఇట్టి అర్థము కూడ ఉండునని నేను ఏనాడు తలచలేదు. అలంకారము దోషమును కప్పునది అని మిత్రుడును నేనును అనుకొంటిమి. సరియైన అలంకారము దోషమును వెల్లడించును, దోషము లేనిచో లేదని చాటును.

మన తెలుగుదేశపు ఉక్కు చరిత్రలో ఈ సంగతి మరింత స్పష్టముగా కనబడును. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రము అను గ్రామము కలదు. మట్టి మూసలలో ఇనుమును కరగించి అక్కడివారు చేసిన ఉక్కును 19వ శతాబ్ది తొలినాళ్ళలో హెన్రీ వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు చూచి వివరించినాడు. ఆ ఉక్కును కొనుటకు పారసీక దేశపు ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని కూడ ఆయన అక్కడ కలిసినాడు. విదేశీయులు దీనిని 'ఊట్జ్' అని పిలిచినారు. అది మన 'ఉక్కు' శబ్దమే మారి అయినదని పలువురి అభిప్రాయము. ఇట్టి ఉక్కుతో చేసిన ఖడ్గముల మీద నీటి అలలవంటి రేఖలు కనబడును. అవి పైన చెక్కినవి కావు, పూసినవి కావు. ఉక్కు గడ్డకట్టునప్పుడు లోపల ఏర్పడిన పొందికయే, మితమైన వేడిలో ఓర్పుతో సాగగొట్టినచో నిలిచి, ఆమ్లద్రవముతో కడిగినప్పుడు అలలై పైకి తేలును. వేడి మితిమీరినచో ఆ అలలు మాసిపోవును. ఆ ఖడ్గమును కొనువాడు అలలను చూచి ఉక్కును నమ్మెడివాడు. అక్కడ సొగసే హామీపత్రము.

ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంత నిలిచియున్న లోహస్తంభమును మీలో పలువురు చూచియుందురు. చంద్రుడను రాజు విష్ణుపదగిరిపై దానిని విష్ణుధ్వజముగా నిలిపినట్లు దాని మీది శాసనమే చెప్పుచున్నది. ఆ రాజు రెండవ చంద్రగుప్తుడని చరిత్రకారులలో అధికసంఖ్యాకుల మతము. ఏడు మీటర్లు మించిన ఎత్తు, ఆరు టన్నులు మించిన బరువు, సుమారు 1600 ఏండ్ల వయస్సు. ఎర్రగా కాల్చిన ఇనుప ముద్దలను ఒకదానికొకటి సమ్మెటలతో అతికి దానిని చేసినారు. తుప్పు తినివేయకపోవుటకు కారణము ఏదో రహస్యపు పైపూత అని ఒకప్పుడు అనుకొనెడివారు. పరిశోధన చేసినవారు ఇనుములోనే ఉన్న భాస్వరము వలన పైన పలుచని రక్షణపొర ఏర్పడినదని తేల్చినారు. కాపాడునది లోపలిదే. శాసనమున రాజు పేరున్నది, విష్ణువు పేరున్నది. నిప్పు ముందు నిలిచినవారి పేరు ఒక్కటియు లేదు. వారి చేతులలోని పనిముట్లు ఎట్లుండెనో కూడ మనకు తెలియదు.

ఇంత చెప్పినను మిత్రుని ప్రశ్న పూర్తిగా తీరలేదని అంగీకరింపవలెను. పరీక్ష కొరకే అయినచో ఒక ముక్కను త్రిప్పి చూచి పారవేయవచ్చును గదా. పటకారునకే మెలిక ఏల? ఎవరు చూతురు? గొడ్డలి కొనువాడు గొడ్డలిని చూచును గాని, దానిని పట్టిన పటకారును అడుగడు. ఇచ్చట నాకు విష్ణుపురాణము ప్రథమాంశములోని ఒక అధ్యాయము తోడ్పడినది. దానిని అస్త్రభూషణాధ్యాయమని పెద్దలు పేర్కొందురు. స్వామి ధరించిన ఆయుధములును ఆభరణములును ఏయే తత్త్వములకు రూపములో అందు చెప్పబడినది. కౌస్తుభము జీవుడు, శ్రీవత్సము ప్రకృతి, గద బుద్ధి, చక్రము మనస్సు, వైజయంతి పంచభూతములు, బాణములు ఇంద్రియములు. నన్ను ఆకర్షించినది ఈ తత్త్వపట్టిక కంటె ఆ పేరు. అస్త్రము, భూషణము అని రెండు జాబితాలు లేవు. ఒకే మెడ, ఒకే చేతులు, ఒకే వరుస. చక్రము దుష్టసంహారమునకు వచ్చినప్పుడు ఆయుధము. ఊరక చేతిలో నిలిచినప్పుడు అది ఆ చేతికి నగ. వస్తువు మారలేదు. మరి జీవుడు స్వామి వక్షమున మణియై ఉండగలిగినప్పుడు, జీవుని చేతి పనిముట్టు పనిముట్టుగా ఉండుచునే సొగసుగా ఉండుటలో వింత ఏమి?

శేషత్వము మన సిద్ధాంతమునకు వెన్నెముక. సేవకుడు తన కొరకు గాక యజమాని కొరకు ఉన్నవాడు. పరిచారకుడు శుభ్రమైన వస్త్రము కట్టి, తిరుమణి దిద్దుకొని సన్నిధిలో నిలుచుట దర్పమందురా? అద్దము ముందు గంటలకొద్ది నిలిచినచో దర్పమే. హద్దు ఎక్కడో చెప్పుట కష్టము. పటకారులో మాత్రము అది కంటికి కనబడును. మెలిక కాడకు చెల్లును. నోటికి మెలిక వేసినచో ఏ వస్తువును పట్టదు. కీలు వద్ద వేసినచో కదలదు. నిప్పును పట్టు చోట నిరాడంబరము, చేతిని పట్టు చోట సొగసు. ఈ హద్దును ఏ కమ్మరికిని ఎవరును పుస్తకము చదివి చెప్పియుండరు.

పటకారును గూర్చి యూదుల ప్రాచీన వాఙ్మయమున చక్కని విచారణ ఒకటి కలదు. పటకారు చేయవలెనన్నచో కాలిన ఇనుమును పట్టుటకు మరొక పటకారు కావలెను. దానికి మరొకటి. మరి మొట్టమొదటి పటకారును ఎవరు చేసినారు? సృష్టి ముగియు సంధ్యవేళ దేవుడే దానిని చేసి ఇచ్చినాడని వారిలో కొందరి మాట. మనకు ఇది క్రొత్తగా తోచదు. మన గురుపరంపర శ్రీమన్నారాయణునితోనే మొదలై, శ్రీదేవి, విష్వక్సేనులు, నమ్మాళ్వారు, నాథమునుల మీదుగా శ్రీరామానుజుల వరకు, మన వరకు వచ్చినది. పట్టుకొనినవారు మరొకరిని పట్టుకొనగా వచ్చినదే గదా అది. నేను ఆచారికి ఇచ్చిన పటకారు కూడ ఆయన పటకారుతో పట్టి చేసినదే. ఆ వరుసలో ఒక లింకులో పగులు పెట్టి నూనె రాచితిని.

ఆచారి ఆ పటకారును పారవేయలేదు. విరిగిన కాడను కీలుకు ఎగువ కోయించినాడు. నాచేతనే మరొక కమ్మీ ముక్కను సాగగొట్టించి, రెండు కొనలను ఏటవాలుగా పలుచ చేయించి, వెలిగారము చల్లి, రవ్వలు చిమ్మబోవు ముందటి తెల్లని వేడిలో అతికించినాడు. మూడు దెబ్బలలో అతుకవలెను. నాలుగవదానికి వేడి ఉండదు. నాకు మొదటిసారి అతుకలేదు, రెండవసారియు లేదు. మూడవసారి అతికినది. మెలిక వేయనా అని అడిగితిని. ఆయన కొంతసేపు ఆ నున్నని కాడను చూచి, "దీన్ని గిట్లనే ఉండనీయుండ్రి. మొదటిది మంచిగనే ఉన్నది, దాని సొగసు దానికి ఉండనీ" అని, పటకారును తాను ఉంచుకొనక నాకే తిరిగి ఇచ్చినాడు. దానిని నేను శిక్షగా భావింపలేదు. ఆయన ఏమని ఇచ్చినాడో అడుగుటకు ధైర్యము చాలలేదు.

ఆచారి గతించి చాలా కాలమైనది. వేపచెట్టు లేదు. 2017లో వచ్చిన మెట్రో రైలు తార్నాక మీదుగా స్తంభములపై పోవుచున్నది. ఆ బాలుడు ఇప్పుడు మనుమలు గలవాడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేయు వెల్డింగు దుకాణము పెట్టుకొన్నాడు. కుడి పాదముపై రూపాయి బిళ్ళంత మచ్చ ఉన్నది. చెప్పులు విప్పినప్పుడు నా చూపు అక్కడికి పోవును. అది అతనికి తెలియును.

ఏటా ఆయుధపూజ నాడు తన దుకాణములో పూజ ముగించుకొని మా ఇంటికి వచ్చును. ఇనుప సామాను పూజగదిలో ఏమని మా ఇంటిలో మొదట గొణిగినవారు కూడ ఇప్పుడు తామే దానిని తుడిచి, పీటపై పెట్టి, కుంకుమ దిద్దుచున్నారు. అతడు ప్రసాదము స్వీకరించి, పటకారును చేతికి తీసికొని, ముందు మెలికల కాడపై, పిమ్మట నున్నని కాడపై బొటనవ్రేలు నడుపును. అతుకు ఎక్కడ ఉన్నదో వెదకి పట్టుకొని అక్కడ కొంచెము ఆగును. ఆపై కీలులో ఒక చుక్క నూనె వేసి, రెండుమార్లు తెరచి మూసి, మరల మేకునకు తగిలించును.